యూనివర్సిటీ లైబ్రరీలో సభలు, వర్క్‌షాపులు: ఎందుకు పెరుగుతున్నాయి, ఎవరికి పనికొస్తున్నాయి?

క్లుప్తంగా: విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఈ మధ్య వర్క్‌షాపులు, సాహిత్య సభలు, ఎగ్జిబిషన్లు బాగా పెడుతున్నాయి. కొన్నింటికి బయటివాళ్ళను కూడా రమ్మంటున్నాయి. జర్నళ్ళు ఆన్‌లైన్‌కి వెళ్ళిపోవడం, ప్లేజియరిజం (ఇతరుల రాతను తనదిగా చూపుకోవడం) నిబంధనలు, న్యాక్ (విద్యాసంస్థలను మదింపు చేసే జాతీయ సంస్థ) మార్కులు ఇందుకు ప్రధాన కారణాలు. సీటు దొరకని విద్యార్థికి ఇది ఇబ్బందిగా ఉంటే, ఊళ్ళో పాఠకుడికి చాలాకాలంగా మూసి ఉన్న తలుపు కాస్త తెరుచుకున్నట్టుంది. లైబ్రరీ దగ్గరున్న పుస్తకాల్లోంచి, ప్రతుల్లోంచి పుట్టిన కార్యక్రమాలే నిలబడుతున్నాయి.

యూనివర్సిటీ లైబ్రరీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నిశ్శబ్దం. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు, పైన తిరిగే ఫ్యాను చప్పుడు, గుమ్మం దగ్గర బ్యాగులు పెట్టే అరలు, ఐడీ కార్డు చూపించమనే మనిషి. ఇప్పుడు అదే గుమ్మం మీద బ్యానర్లు కడుతున్నారు. ఒక వారం పరిశోధకులకు రిఫరెన్సులు ఎలా రాయాలో నేర్పే వర్క్‌షాపు, ఇంకో వారం కవి సమ్మేళనం, ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవం, నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు.

దీని మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. చదువుకునే చోట మైకులేంటి, కొత్త పుస్తకాలు కొనడానికి లేని డబ్బు వీటికి ఎక్కడిది అని కొందరు అడుగుతారు. ప్రజల డబ్బుతో నడిచే లైబ్రరీలోకి ప్రజలు ఏడాదికి ఒక్కసారైనా రావద్దా అని ఇంకొందరు అంటారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. కాకపోతే రెండు వర్గాలూ ‘కార్యక్రమం’ అన్న ఒక్క మాటకింద వేర్వేరు పనులను కలిపేస్తున్నాయి. వాటిని విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

పేరు ఒకటే, పనులు వేరు

మొదటి రకం నైపుణ్యాల శిక్షణ. డేటాబేసులో వెతకడం, జొటేరో, మెండలే లాంటి సాఫ్ట్‌వేర్‌తో రిఫరెన్సులు సర్దుకోవడం, థీసిస్ సమర్పించే ముందు, అది ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చెప్పే సిమిలారిటీ రిపోర్టు చదువుకోవడం ఇందులోకి వస్తాయి. వచ్చేవాళ్ళంతా దాదాపు లోపలివాళ్ళే, పీహెచ్‌డీ స్కాలర్లు, అధ్యాపకులు. లైబ్రరీ ఎప్పుడూ చేసే పనే ఇది, కాకపోతే ఒకప్పుడు కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికి చెప్పేది ఇప్పుడు యాభై మందికి ఒకేసారి చెబుతున్నారు.

రెండో రకం వారసత్వ కార్యక్రమాలు. తాళపత్రాల సంరక్షణ, పాత లిపి చదవడం, అరుదైన పుస్తకాల ప్రదర్శన. లైబ్రరీ దగ్గర సరుకు లేకపోతే ఇవి జరగవు. మూడోది సాంస్కృతిక కార్యక్రమం, అంటే పుస్తకావిష్కరణ, కవి సమ్మేళనం, అష్టావధానం, నాటకం, సినిమా. హాలు ఖాళీ ఉంటే ఇది ఎక్కడైనా జరుగుతుంది, లైబ్రరీలోనే జరగాలని లేదు. గొడవ ఎక్కువగా వచ్చేది ఈ మూడో రకం మీద. నిజంగా ఆలోచించాల్సింది మాత్రం రెండో రకం గురించి, ఎందుకంటే యూనివర్సిటీ లైబ్రరీ తప్ప ఇంకెవరూ సులువుగా చేయలేని పని అది.

ఇప్పుడే ఎందుకు?

పెద్ద కారణం జర్నళ్ళు అలమరా దిగి కంప్యూటర్లోకి వెళ్ళిపోవడం. ఒక తరం కిందట కొత్త సంచిక చూడాలంటే లైబ్రరీకి నడవాల్సిందే. ఇప్పుడు హాస్టల్ గదిలోంచే పేపరు డౌన్‌లోడ్ అవుతుంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్ళు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు. ప్రచురణకర్తతో బేరం ఢిల్లీ స్థాయిలోనే అయిపోతే, ఏ జర్నల్ కొనాలి, ఏది మానేయాలి అని ప్రతి యూనివర్సిటీలో ఏటా పడే తంటా తగ్గుతుంది. అందుబాటులోకి వచ్చిన వేల జర్నళ్ళను వాడటం నేర్పే పని పెరుగుతుంది. శిక్షణ తరగతులు ఎక్కువ కావడానికి ఇది నేరుగా దారి తీసింది.

రెండోది 2018లో విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ తెచ్చిన ప్లేజియరిజం నిబంధనలు. థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య లేదు, దాటిన కొద్దీ శిక్ష పెరుగుతుంది, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల లైబ్రరీ చేతిలోనే ఉంటుంది. దాంతో ఆఖరి నెలలో టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చే స్కాలర్లందరికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత లైబ్రేరియన్ మీద పడింది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కన్నా ఏడాది మొదట్లోనే వర్క్‌షాపు పెట్టడం తేలిక.

మూడోది మదింపు. న్యాక్ చూసే అంశాల్లో లైబ్రరీ వనరులు ఒక భాగం, సమాజంతో విశ్వవిద్యాలయం పెట్టుకున్న సంబంధం ఇంకో భాగం. లైబ్రరీలో బయటివాళ్ళతో ఒక సభ జరిపితే రెండు చోట్లా చూపించుకోవచ్చు. అందుకే ప్రతి కార్యక్రమానికీ హాజరు పట్టీ, రిపోర్టు, ఎక్కడ తీశారో చూపే జియో ట్యాగ్ ఉన్న ఫొటోలు తప్పనిసరయ్యాయి. ఫైలు కోసం జరిగే సభ, పాఠకుడి కోసం జరిగే సభ ఒక్కోసారి ఒకటే అవుతాయి, అలా అయినప్పుడు ఎవరికీ నష్టం లేదు. కాని ఫైలు మాత్రమే లక్ష్యమైతే తేదీలన్నీ క్యాలెండర్ చుట్టూ చేరతాయి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, ఏప్రిల్ 23 పుస్తక దినోత్సవం, ఆగస్టు 12 గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ పేరుమీద లైబ్రేరియన్ల దినోత్సవం. ఈ తేదీల మధ్య నెలల తరబడి ఏమీ ఉండదు. వరసగా ఆరు నెలలు ఒకే వారం, ఒకే వేళకు జరిగే చిన్న సమావేశం తెచ్చిపెట్టే శ్రోతలను ఏడాదికోసారి జరిగే పెద్ద సభ తేలేదు. ఇది నడిపినవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

గ్రంథాలయం అంటే సభే అనుకున్న రోజులు

లైబ్రరీలో సభలు పెట్టడం విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ అన్న అభిప్రాయం ఒకటుంది. తెలుగునాట చరిత్ర చూస్తే ఇది నిలవదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళు నలుగురు కూడి తమ భాషలో మాట్లాడుకోవడానికి ఈ నిలయాలే ఆసరా. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజుల్లో, పుస్తకం నెపంగా మనుషులు కలుసుకోవడానికి ఎంత విలువుందో వేరే చెప్పక్కర్లేదు. ఇటు కోస్తాలో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్య దాని వెనక ఉన్న మనిషి. గ్రంథాలయ యాత్రలు, రాత్రి బడులు, పురాణ కాలక్షేపాలు ఆ ఉద్యమంలో భాగం. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిరిగాయి. పడవ ఆగిన రేవే ఆ పూటకి గ్రంథాలయం.

యూనివర్సిటీ లైబ్రరీలు మాత్రం ఈ దారిలో రాలేదు. ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడ్డాయి. వాటి గ్రంథాలయాలు పాఠాలకు, పరిశోధనకు, పరీక్షలకు ఆసరాగా పెరిగాయి. ఊరి గ్రంథాలయంలో పాఠకుడు సభ్యుడు. యూనివర్సిటీలో పాఠకుడంటే అడ్మిషన్ నంబరు ఉన్నవాడు. ఈ తేడా ఇప్పటికీ గుమ్మం దగ్గర కనిపిస్తుంది. బయటినుంచి వచ్చిన పరిశోధకుడు తన సంస్థ నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి, లైబ్రేరియన్ అనుమతి తీసుకోవాలి, కొన్నిచోట్ల రుసుము కట్టాలి. ఏ సంస్థకూ చెందని మామూలు పాఠకుడికి ఆ ఉత్తరం ఇచ్చేవాళ్ళే ఉండరు.

ఇక్కడ ఎస్.ఆర్. రంగనాథన్ ఊసు తేకుండా కుదరదు. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా చేరారు. ఆయన అయిదు సూత్రాలు 1931లో అచ్చయ్యాయి, వాటిలో మూడోది ‘ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు’. పుస్తకం కోసం పాఠకుడు రావడం ఒక ఎత్తు, పాఠకుడి దగ్గరికి పుస్తకాన్ని తీసుకెళ్ళడం ఇంకో ఎత్తు. ప్రదర్శన, ప్రసంగం, చదివి వినిపించడం, ఇవన్నీ ఆ రెండో పనికి పనిముట్లు. ఈ సూత్రం పుట్టింది ఊరి గ్రంథాలయంలో కాదు, ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తున్న మనిషి చేతిలో అన్న సంగతి ఈ చర్చలో తరచుగా మరుగున పడుతోంది.

కడపలో ఒక ఉదాహరణ

తెలుగు రాష్ట్రాల్లో ఊరి గ్రంథాలయం, యూనివర్సిటీ లైబ్రరీ అనే రెండు ధోరణులూ కలిసిన చోటు ఒకటుంది, కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టి, రాతప్రతులు సేకరించి, పోల్చి చూసి శుద్ధ ప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో ఆయన చేతిమీదుగా అచ్చయ్యాయి. ఆ తర్వాత బంగళా పాడుబడింది. ఆ స్థలంలో గ్రంథాలయం రావాలని జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ళ తరబడి తిరిగారు, విరాళాలు పోగుచేశారు, పుస్తకాలు అడిగి తెచ్చారు. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కేంద్రం దాని చేతికి వచ్చింది.

ఇందులో గమనించాల్సింది చోటు. విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం ఊరికి దూరంగా వేమనపురంలో ఉంది. బ్రౌన్ కేంద్రం ఊళ్ళోనే, ఎర్రముక్కపల్లిలో ఉంది. సాయంత్రం పని ముగించుకుని స్కూటర్ మీద వచ్చే టీచరు, రిటైరైన తహశీల్దారు, పద్యాల మీద ఇష్టం ఉన్న కొట్టు యజమాని, వీళ్ళందరికీ అది అందుబాటు. పుట్టుక కూడా ఊరివాళ్ళ విరాళాలతోనే కాబట్టి ‘ఇది మనది’ అన్న భావం ముందునుంచీ ఉంది. విశ్వవిద్యాలయం తర్వాత వచ్చి జీతాలు, నిర్వహణ భుజాన వేసుకుంది. మామూలుగా యూనివర్సిటీ లైబ్రరీ ముందు పుట్టి, ప్రజలను తర్వాత పిలుస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది, ఫలితం కూడా అందుకే వేరుగా ఉంది.

సరుకు సంగతి కూడా అంతే. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కాలంలో రాయించిన కడప జిల్లా కైఫీయతులను ఈ కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. కైఫీయతు అంటే ఊరి చరిత్ర. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పుడు కట్టారు, మాన్యం ఎవరిది అని ఊరి కరణాలు చెప్పిందీ, వాళ్ళ దగ్గరున్నదీ ఎత్తి రాసుకున్నది. అలాంటి పుస్తకం మీద సభ పెడితే వచ్చేవాడు తన ఊరి పేరు కోసం వెతుకుతాడు. సభకు జనం రావడం లేదని బాధపడే చోట్ల ముందు చూడాల్సింది ఇదే, వచ్చేవాడికి సొంతమైనది ఏదైనా బల్ల మీద ఉందా అని.

తాటాకు వర్క్‌షాపులో ఏం జరుగుతుంది

ఉస్మానియా లైబ్రరీలో, తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయంలో తాళపత్రాలున్నాయి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ తర్వాత ఇలాంటి సంస్థల్లో వీటి సంరక్షణ మీద శిక్షణలు పెరిగాయి. సాంస్కృతిక కార్యక్రమం అనే మాట వినగానే వేదిక, దండ, జ్ఞాపిక గుర్తొస్తాయి. ఈ వర్క్‌షాపులో అవేవీ లేకపోయినా ఇబ్బంది ఉండదు.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి దాని మీద కట్ట పెడతారు. ఎర్ర గుడ్డ విప్పితే రెండు చెక్క పలకలు, వాటి మధ్య ఆకులు, కన్నంలోంచి దారం. ఆకులు అతుక్కుపోయి ఉంటే లాగకూడదు, అదే మొదటి పాఠం. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి, అదీ ఒకే దిక్కుగా. తర్వాత దూదితో నిమ్మగడ్డి నూనె పట్టిస్తారు, ఎండి పెళుసెక్కిన ఆకు కాస్త వంగుతుంది, పురుగు దరిచేరదు. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే ఘట్టం దీని తర్వాతే వస్తుంది. గంటంతో రాసింది గాటు మాత్రమే, దానికి రంగుండదు. వందేళ్ళలో మసి రాలిపోయి ఆకు ఖాళీగా కనిపిస్తుంది. దీపపు మసిని నూనెలో కలిపి ఆకంతా పూస్తారు, ఆకు నల్లబడిపోతుంది, పాడుచేశామేమో అని కొత్తవాళ్ళు కంగారుపడతారు. పొడిగుడ్డతో తుడవగానే పైన మసి పోయి గాట్లలోది నిలుస్తుంది. ఖాళీ ఆకు మీద వరసలు వరసలుగా తెలుగు అక్షరాలు పైకొస్తాయి.

కనిపించినంత మాత్రాన చదవడం రాదు. మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండదు, పద్యం కూడా పాదాలు విడగొట్టకుండా ఒకే వరసలో సాగిపోతుంది. వలపలగిలక ఒకటి తెలియాలి, ‘ధర్మము’ అన్న మాటలో రేఫ ‘మ’ పక్కన చిన్న గిలకగా ఉంటుంది, ‘ధమ౯ము’ అని. ఇవి పట్టుకోవడానికి నాలుగు రోజులు కూర్చోవాలి. అలా కూర్చుని నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత కూడా వస్తే లైబ్రరీకి నేరుగా లాభం. ఏ కట్టలో ఏ గ్రంథం ఉంది, ఎన్ని ఆకులు, మొదలు ఏమిటి, చివర ఏమిటి అని పట్టిక రాయడానికి పాత లిపి చదవగలిగే మనుషులు కావాలి, వాళ్ళ సంఖ్య ఏటా తగ్గుతోంది. ఈ రకం వర్క్‌షాపులో లైబ్రరీ తను ఇచ్చినదానికన్నా ఎక్కువే తిరిగి పొందుతుంది.

ఇతర దేశాల్లో తలుపు ఎలా తెరిచారు

ఈ విషయంలో చట్టం పాత్ర పెద్దది. అమెరికాలో ప్రభుత్వ ప్రచురణలను ఉచితంగా అందుకునే డిపాజిటరీ లైబ్రరీలు వెయ్యికి పైగా ఉన్నాయి, చాలావరకు కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీలే. ఆ ప్రచురణలను ఎవరు అడిగినా ఉచితంగా చూపించాలన్నది షరతు. అంటే తలుపు తెరవడం వాళ్ళ దయ మీద ఆధారపడి లేదు. బ్రిటన్‌లో ప్రతి కొత్త పుస్తకం అందుకునే హక్కున్న ఆరు గ్రంథాలయాల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలున్నాయి. దేశం పుస్తకాలన్నీ తమకు చేరుతున్నాయి కాబట్టి దేశానికి కొంత చూపించాలన్న ఒత్తిడి వాటి మీద ఉంటుంది. మన దగ్గర 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం కింద ప్రచురణకర్త ప్రతులు పంపాల్సిన గ్రంథాలయాలు నాలుగు, కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీలలో. వాటిలో ఒక్క యూనివర్సిటీ లైబ్రరీ కూడా లేదు. బయటివాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సిన చట్టపరమైన బాధ్యత మన యూనివర్సిటీ లైబ్రరీలకు ఎన్నడూ లేకపోవడానికి ఇదొక మూలం.

రెండోది భవనం. ఆక్స్‌ఫర్డ్‌లో 1602లో తెరుచుకున్న బోడ్లియన్ ఇప్పటికీ చదివే గదుల్లోకి కార్డు లేనిదే పంపదు. అయితే 2015లో బాగుచేసి తెరిచిన వెస్టన్ లైబ్రరీలో కింద పెద్ద హాలు ఎవరైనా ఊరికే నడిచి వెళ్ళేట్టు కట్టారు. ఎగ్జిబిషన్లకు టికెట్ లేదు. చేత్తో అక్షరాలు కూర్చి అచ్చువేసే వర్క్‌షాపులు కూడా ఆ లైబ్రరీ నడుపుతుంది. కింద సందడి, పైన నిశ్శబ్దం, ఒకదానికొకటి అడ్డురావు. వార్సా యూనివర్సిటీ లైబ్రరీ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1999లో కొత్త భవనం, 2002లో దాని కప్పు మీద హెక్టారుకు పైగా తోట. తోట చూడటానికి వచ్చిన కుటుంబం లైబ్రరీ గుమ్మం దాకా వచ్చినట్టే. కేఫ్‌లకు, దుకాణాలకు ఇచ్చిన చోటుకి అద్దె కూడా వస్తుంది.

అమెరికా యూనివర్సిటీల్లో తెలుగు పుస్తకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1960లలో పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద, మనకు గోధుమలు అమ్మగా పోగైన రూపాయలతో, భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. ఆ పార్సెళ్ళలో తెలుగు నవలలు, కవితా సంపుటాలు ఉన్నాయి. ఇక్కడ దొరకని పుస్తకం అక్కడి అలమరాలో ఉన్న సందర్భాలు పరిశోధకులకు తెలుసు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ అలమరాల సంగతి చెప్పడానికి ఒక చిన్న ప్రదర్శన చాలు.

సీటు గొడవ

మన దగ్గర అసలు ఘర్షణ చదివే హాలు దగ్గర వస్తుంది. గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ, ఎస్సై పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్ళకు యూనివర్సిటీ రీడింగ్ హాలే ఇల్లు. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఎలా నిండిపోతుందో అందరికీ తెలుసు, ఉస్మానియాలోనూ అదే ఒత్తిడి. పొద్దున్నే వచ్చి సొంత పుస్తకాలు, నీళ్ళ సీసా పెట్టుకుని రాత్రిదాకా కూర్చుంటారు. వాళ్ళకు కావాల్సింది అలమరాలోని పుస్తకం కాదు, కుర్చీ, లైటు, ఫ్యాను. నోటిఫికేషన్ వచ్చిన నెలలో ఆ హాలు ఒక పూట సభకు తీసుకుంటే వాళ్ళకు నిజంగానే నష్టం. అద్దె గదిలో నలుగురితో ఉండే పిల్లవాడికి ఆ పూట వెళ్ళడానికి ఇంకో చోటు ఉండదు. వాళ్ళ కోపాన్ని సాహిత్యం మీద చిన్నచూపుగా తీసుకోవడం తప్పు.

పాత భవనాల్లో పెద్ద గది అంటే రీడింగ్ హాలు ఒక్కటే కావడం దీనికి మూలం. కింద వరండా, మెట్ల దగ్గరి ఖాళీ స్థలం, సెమినార్ గది వేరు చేయగలిగిన చోట్ల గొడవ లేదు. ఎగ్జిబిషన్‌కి గోడ చాలు, తాళపత్రాల వర్క్‌షాపుకి ఇరవై మంది పట్టే గది చాలు. మైకు లేకుండా జరిగే కార్యక్రమాలు ఎంచుకోవడం కూడా ఒక దారి.

బయటివాళ్ళను పిలిస్తే మారే నిబంధనలు

ఇది చాలామంది నిర్వాహకులు పట్టించుకోని విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విద్యాసంస్థలకు కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేసుకోవచ్చు, ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ళు అయినంతవరకే. ‘అందరికీ ఆహ్వానం’ అని బ్యానరు కట్టిన మరుక్షణం ఆ వెసులుబాటు మీద ఆధారపడలేం, హక్కుదారు అనుమతి తీసుకోవాలి. అచ్చయిన రచన నుంచి తగిన మేరకు భాగం నలుగురిలో చదవడానికి మాత్రం చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి ఆ మేరకు చేసే కథాపఠనానికి, కవితాపఠనానికి భయం లేదు. దాన్ని రికార్డు చేసి యూట్యూబులో పెట్టడం వేరే సంగతి. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు హక్కులు నిలుస్తాయి. 1915లో కన్నుమూసిన గురజాడను ఎవరైనా ఎంతైనా వాడుకోవచ్చు, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా అనుమతి కావాలి.

ఖర్చు ఎవరు భరిస్తున్నారు

ఊరి గ్రంథాలయాలకు చట్టబద్ధంగా ఒక ఆదాయం ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు వసూలవుతుంది. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయక బకాయిలు పేరుకుపోవడం తరచూ వార్తల్లో చూస్తున్నదే. అయినా కనీసం హక్కంటూ ఒకటుంది. యూనివర్సిటీ లైబ్రరీకి ఆ సెస్సులో వాటా లేదు. ప్రభుత్వ గ్రాంటు, విద్యార్థుల ఫీజు, యూజీసీ నిధులే దిక్కు. ప్రజల కోసం పెట్టే కార్యక్రమానికి ఆ ప్రజల పేరుమీద వచ్చే పైసా ఒక్కటీ అందులో ఉండదు.

ఆదివారం పూట ఒక కార్యక్రమం అంటే గార్డు రావాలి, ఊడ్చేవాళ్ళు రావాలి, కరెంటు పోతే జనరేటర్ నడవాలి, పుస్తకాలు బయట పెడితే కాపలా ఉండాలి. లైబ్రరీ పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ కాని చోట ఈ పనంతా ఔట్‌సోర్సింగ్ సిబ్బంది మీదే పడుతుంది, వాళ్ళలో చాలామందికి అదనపు గంటలకు అదనపు జీతం రాదు. సభలో వీళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. కార్యక్రమాల సంఖ్య పెంచే ముందు లెక్క వేసుకోవాల్సిన మొదటి ఖర్చు ఇది.

ఇకముందు

శిక్షణ తరగతులు ఇంకా పెరుగుతాయి. కృత్రిమ మేధతో రాసిన వాక్యాలను ఎలా గుర్తించాలి, ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు అన్న ప్రశ్నలతో స్కాలర్లు వచ్చేది లైబ్రరీకే. నలుగురూ ఒకచోట కూర్చుని తెలుగు వికీపీడియాలో వ్యాసాలకు మూలాలు చేర్చే ఎడిటథాన్‌లకు కూడా ఈ లైబ్రరీలు అనువైన చోటు. పాత పత్రికల బౌండ్ సంపుటాలు, కొత్త రాతకు కావాల్సిన కంప్యూటరు ఒకే గదిలో ఉంటాయి కాబట్టి.

బయటి పాఠకుడి పరిస్థితి మాత్రం అంత స్పష్టంగా లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకుల కోసం పెట్టింది, ఊళ్ళో ఉండే చరిత్ర ప్రేమికుడికి అందులో చోటు లేదు. లైబ్రరీకి నడిచి వచ్చి అక్కడి కంప్యూటర్‌లో చదువుకునే సందర్శకుడికి అనుమతి ఇచ్చే షరతు ప్రపంచంలో చాలా జర్నల్ ఒప్పందాల్లో మామూలే. 2027తో ఇప్పటి గడువు ముగిసి మళ్ళీ బేరం జరిగేటప్పుడు ఆ ఒక్క షరతు అడిగించుకోగలిగితే, సభకు వచ్చినవాడు మర్నాడు మళ్ళీ రావడానికి కారణం ఉంటుంది.

అంతవరకు ప్రతి లైబ్రరీ చేతిలో ఉన్నది హాజరు పట్టీ. పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం అని నాలుగు గళ్ళుంటాయి. కార్యక్రమం అయ్యాక దాన్ని ఫొటోలతో కలిపి ఫైల్లో పెడతారు. వచ్చిన మనిషి అడిగితే వచ్చే కార్యక్రమం కబురు ఆ నంబరుకి పంపడానికీ, కావాలన్నవాళ్ళకు ఆ కౌంటర్ దగ్గరే సందర్శకుల కార్డు రాసివ్వడానికీ కొత్త నిధులేవీ అక్కర్లేదు, లైబ్రరీ కమిటీలో ఒక తీర్మానం సరిపోతుంది.